అన్నయ్యకి కనపడేలా

మొన్న వేసవిలో అన్నయ్య తద్దినానికి నూజివీడు వెళ్ళాను. భోజనాలయ్యాక వదినా నేనూ వసారాలో చిన్నరసాల బుట్ట ముందేసుకుని, మగ్గినవీ మగ్గనివీ వేరు చేస్తూ కూర్చున్నాం. గడ్డి తీసేకొద్దీ ఆ వాసన ఇల్లంతా పట్టేసింది. రవి కూతురు వచ్చి నా ఒళ్ళో చేరింది. రవి మా అన్నయ్య కొడుకు. వాళ్ళ తాత పోయేనాటికి ఈ పిల్లకి ఇంకా మాటలే రాలేదు, ఇప్పుడేమో నోరు మూతపడదు. "బెజవాడ మామ్మా, తాతయ్యకి అసలేమీ వినపడేది కాదంట కదా, మరి మీరంతా తాతయ్యతో ఎలా మాట్లాడేవాళ్ళు?" అని అడిగింది. "ఎదురుగా నుంచుని మాట్లాడేవాళ్ళం" అన్నాను. "అంతేనా?" అంది. అంతేనన్నాను. ఆ జవాబు దానికి ఆనలేదు, లేచి ఆటకి పోయింది. వదిన కాయ తిప్పి చూసుకుంటూ, "రాయకూడదా సరోజా. ఇప్పుడు చెప్తే దానికేం తెలుస్తుంది, పెద్దయ్యాక చదువుకుంటుంది" అంది. బెజవాడ తిరిగొచ్చాక చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇది.

అన్నయ్యకి జ్వరం వచ్చింది నేను పుట్టకముందు. అప్పుడప్పుడే పలక పట్టుకుని బడికి వెళ్తున్న వయసు. జ్వరం ఎంతకీ దిగలేదు, మెదడుకెక్కిందన్నారు, ఆశ లేదన్నారు. బతికాడు. లేచి కూర్చున్న రోజు అమ్మ గంజి గ్లాసు పట్టుకుని వెనకనుంచి "శివా" అని పిలిస్తే తిరిగి చూడలేదట. అమ్మ ఆ సంగతి ఎప్పుడు చెప్పినా అక్కడిదాకా చెప్పి ఆగిపోయేది, ఆ తర్వాత ఏమైందో ఎన్నడూ చెప్పలేదు. అప్పటికే మాటలొచ్చిన పిల్లాడు కాబట్టి మాట పోలేదు. కాని తన గొంతు తనకి వినపడదు కదా, ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎత్తూ పల్లం లేకుండా ఒకే తీరుగా తయారైంది. కొన్ని అక్షరాలు మింగేసేవాడు, కొన్ని సాగదీసేవాడు. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క తెలిసేది కాదు. నాకు మాత్రం అన్నయ్య గొంతంటే అదే. పక్కింటివాళ్ళ అన్నయ్య మాట మొదటిసారి విన్నప్పుడు, ఇతనెవరో పాట పాడుతున్నట్టు మాట్లాడుతున్నాడే అనుకున్నాను.

మా నాన్నకి పెళ్ళిఫొటోలో పెద్ద మీసాలుండేవి. నాకు తెలిసిన నాన్నకి మీసాల్లేవు. చిన్నప్పుడు ఆ ఫొటోలో ఉన్నది వేరే ఎవరో అనుకునేదాన్ని. ఒకసారి అమ్మనడిగితే, "పెదవులు కనపడటం లేదని మీ అన్నయ్య గోలపెట్టేవాడు, తీసేశారు" అని మామూలుగా చెప్పి, తన పనిలో పడింది. బజారులో మీసం లేని మగాణ్ణి చూసి వెనక నవ్వుకునే రోజులవి. నాన్న మళ్ళీ పెంచలేదు. అమ్మకి భోజనం తర్వాత కిళ్ళీ అలవాటుండేది. నోట్లో ఆకుంటే మాట ఆకారం మారిపోతుందని అదీ మానేసింది.

ఆ ఇంట్లో మాటంటే కంటికి కనపడాల్సిన వస్తువు. వంటింట్లోంచి ఎవరూ ఏదీ కేకేసి చెప్పరు. అమ్మ పప్పులో తాలింపు వేసి, చేతులు తుడుచుకుంటూ వసారాలోకొచ్చి, అన్నయ్య ఎదురుగా వెలుతురు తన మొహమ్మీద పడేటట్టు నిలబడి, వాడు చూసేదాకా ఆగి, అప్పుడు "అన్నానికి లే" అనేది. అందరిళ్ళలో పీటలు ఒకే వరసలో వేస్తే మా ఇంట్లో ఎదురెదురుగా వేసేవాళ్ళు. ముద్ద నోట్లో పెట్టుకుని ఎవరూ మాట్లాడకూడదు, ముద్ద మింగాకే మాట. సాయంత్రం కరెంటు పోతే అమ్మ ముందు లాంతరు వెతికేది, అగ్గిపెట్టె దొరికేలోపు ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళం కాదు. చీకట్లో మనం కబుర్లు చెప్పుకుంటే అన్నయ్య ఒక్కడూ బయటుండిపోతాడని ఎవరూ మాకు చెప్పలేదు గాని, మాకు అది తెలుసు. మేడ మీది చెక్కగదిలో ఉన్నవాణ్ణి పిలవాలంటే మెట్ల దగ్గర మడమతో నేలని గట్టిగా తన్నాలి. పెరట్లో ఉంటే కాళ్ళముందు ఒక చింతగింజ విసరాలి. వాడికి కోపమొస్తే కళ్ళు మూసుకునేవాడు. ఇక ఎవరేం చెప్పినా లాభం లేదు. నాన్న అటూ ఇటూ తిరిగి, వాడు కళ్ళు తెరిచేదాకా కాచుక్కూచునేవారు.

నాకూ వాడికీ ఇంకో పద్ధతుండేది. గొంతు పెట్టకుండా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పెరటికి ఆ చివర వాడు, ఈ చివర నేను. పెదనాన్న వచ్చి నాన్నతో ఏదో రహస్యం మాట్లాడుతుంటే, నేను చాటునుంచి విని, తలుపు పక్కనుంచి చప్పుడు లేకుండా వాడికి అందించేదాన్ని. వాడూ అలాగే పెదవులతో జవాబిచ్చేవాడు, నేను చదివేదాన్ని. "ఏంటే ఆ మూగ మాటలు" అని అమ్మ విసుక్కునేది. ఏళ్ళ తరవాత అది మాకు దేనికి పనికొస్తుందో ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు.

మాది మామిడికాయల వ్యాపారం. పూతలోనే తోటలు మాట్లాడుకుని, కాయ దిగాక గడ్డిలో సర్ది, హనుమాన్ జంక్షన్ మీదుగా లారీలెక్కించడం. వేసవంతా మా కొట్టు ముందు గడ్డీ గంపలూ సొన వాసనా. సొన కారి అన్నయ్య చేతులు ఎప్పుడూ మచ్చలు పడి ఉండేవి. చెవులు వినపడని పిల్లాణ్ణి వ్యాపారంలో ఎలా పెడతావని నాన్నని అందరూ అడిగారు. కాని ఆ రోజుల్లో మా దగ్గర అసలు బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల వేళ్ళతో ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు కాబట్టి నోరు మెదపరు. చుట్టూ ఎంత గోల ఉన్నా ఆ తువ్వాలు కింద మాత్రం నిశ్శబ్దం. అన్నయ్యకి అది పుట్టుకతో వచ్చిన భాషలా కుదిరింది. చేతిలో చెయ్యి పెట్టి, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ, వాడు పైకి ఒకటి అంటున్నా లోపల ఎంతకి దిగుతాడో పట్టేసేవాడు. విస్సన్నపేట రైతులు కొందరు నాన్న ఉన్నా సరే, "శివయ్యని రమ్మనండి, ఆయనతో అయితే తొందరగా తెములుతుంది" అనేవాళ్ళు. బేరం అయ్యాక మిగతా మాటలకి నేను పక్కనుండాలి. వెనకనుంచి ఎవరేమన్నా నేను వాడి ముందుకొచ్చి పెదవులతో చెప్పాలి. బడి లేని రోజుల్లో నా వేసవంతా అలాగే గడిచింది. ఎండకి గడ్డి మీద కూర్చుని, అన్నయ్య మొహంలోకి చూస్తూ.

జ్వరమంటే వాడికున్నంత భయం నేను ఎవరిలోనూ చూడలేదు. భయం అనడం కూడా సరికాదు, జాగ్రత్త. కలరా రోజుల్లో మనుషులొచ్చి బావుల్లో బ్లీచింగు వేసి వెళ్ళేవాళ్ళు. నీళ్ళు కంపుకొడుతున్నాయని అమ్మ సణిగేది. అన్నయ్య మాత్రం ఆ నీళ్ళనే కాచి, చల్లార్చి, మూత పెట్టి, నేను వేరే చోట తాగలేదని రుజువయ్యేదాకా నా వెంట తిరిగేవాడు. సత్రం గోడకి అంటించిన ఆరోగ్యశాఖ కాగితాన్ని తన గొంతుతో మొత్తం చదివి నాకు వినిపించాడు. దారినపోయేవాళ్ళు ఆగి నవ్వారు. వాడికది వినపడదు, నాకు వినపడింది. సూదులు వేసేవాళ్ళు వస్తే వీధిలో పిల్లలందరం దాక్కునేవాళ్ళం. వాడు నన్ను పెరట్లోంచి ఎత్తుకొచ్చి, ముందు తన చెయ్యి చాపి పొడిపించుకుని, "చూడు, ఏం కాలేదు. నాకు ఒక జ్వరానికే చెవులు పోయినాయి. నీకేం పోవడానికి వీల్లేదు" అన్నాడు. ఆ మాటలో సగం అక్షరాలు లేవు. నాకు అన్నీ అందాయి.

తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి. నేను బెజవాడ వచ్చేశాను, బడిపంతులమ్మనయ్యాను. వదిన వచ్చిన వారంలోనే మా ఇంటి పద్ధతి పట్టేసింది. ఏ మాటైనా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం ఆవిడ పుట్టింట్లో నేర్చుకున్నట్టే చేసేది. అమ్మా నాన్నా పోయారు. సెల్‌ఫోన్లొచ్చాక అన్నయ్యకి మెసేజీలు పెట్టేదాన్ని. వీడియో ఫోన్లొచ్చిన రోజు వాడు ఫోను పట్టుకుని, "చెల్లాయ్, ఇన్నేళ్ళకి నాకు ఫోను వినపడింది" అన్నాడు.

కరోనా వచ్చింది సరిగ్గా కాయ ఊరే రోజుల్లో. మొదట్లో అన్నయ్యకి మా అందరికంటే బాగా గడిచిందనే చెప్పాలి. పేపరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదివి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో నాకు మెసేజీలు పెట్టేవాడు. ఆ మాటలు రోజూ మారేవి. మొదట అందరికీ మాస్కులక్కర్లేదు, చేతులు కడుక్కుంటే చాలన్నారు. తర్వాత మాస్కు లేకుండా గడప దాటొద్దన్నారు. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడగమన్నారు, తర్వాత దానివల్ల పెద్ద ఉపయోగం లేదన్నారు. కొట్లు పొద్దున కాసేపు తెరవొచ్చన్నారు. తర్వాత ఈ వీధిలో కేసు వచ్చింది, మొత్తం మూసెయ్యమని కర్రలు కట్టారు. రవి విసుక్కునేవాడు. "పొద్దునొక రూలు, సాయంత్రం ఒక రూలు. వీళ్ళకే తెలీదు నాన్నా" అంటే, అన్నయ్య, "వాళ్ళకీ కొత్తే కదరా. తెలిసింది తెలిసినట్టు చెప్తున్నారు, మనం విందాం" అన్నాట్ట. ఆ మాట అన్నది చెవులు లేని మనిషని రవికి నవ్వొచ్చిందట.

కాయ ఆగదు కాబట్టి మామిడికి అనుమతులిచ్చారు. అనుమతితోపాటు షరతులు. మనిషికీ మనిషికీ మధ్య సున్నంతో గీసిన గడులు, అందరికీ మాస్కు, చేతులు కలపకూడదు, తువ్వాలు బేరాలు బంద్, ధర పైకే చెప్పుకోవాలి. అన్నయ్య మొదటి రోజు కొట్టుకి వెళ్ళి తన గడిలో నిలబడ్డాడు. చుట్టూ కళ్ళు తప్ప మొహాల్లేవు. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు ఊరికే చూస్తున్నారో కూడా తెలియలేదు. నలభై ఏళ్ళుగా కాయ ఇస్తున్న ఒక రైతు ముందుకొచ్చి ఏదో అడిగాడట. అన్నయ్య ఏంటన్నాడు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి ఏంటన్నాడు. ఆయన గట్టిగా అరిచి చెప్పాడు, వినపడదని మర్చిపోయి. అప్పుడు అన్నయ్య గీత దాటి వెళ్ళి, ఆయన మాస్కు అంచు పట్టుకుని కిందకి లాగాడు. ఆ రైతు బెదిరి వెనక్కి జరిగాడు. అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబులు పరుగున వచ్చి, "పెద్దాయనా, బుద్ధుందా, వయసొచ్చింది కదా" అని అందరిముందూ కసిరాడు. అదీ అన్నయ్యకి తెలియలేదు, ఆ అబ్బాయికీ మాస్కుంది. రవి అడ్డం వెళ్ళి సర్దిచెప్పి ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం నాకు వీడియో ఫోను చేశాడు. చాలాసేపు నా మొహం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "చెల్లాయ్, నాకు ఇప్పుడు చెవుడొచ్చింది" అన్నాడు.

ఆ కానిస్టేబుల్ని నేను తప్పుపట్టను, ఆ గడులు గీసినవాళ్ళనీ తప్పుపట్టను. అన్నయ్యా పట్టలేదు. తప్పు తనదేనన్నాడు, ఆ రైతు ఇంటికి రవిని పంపి క్షమాపణ చెప్పించాడు. మళ్ళీ కొట్టుకి వెళ్ళనన్నాడు. నేను ఊరుకోలేక మాస్కు మధ్యలో పెదవులు కనపడేటట్టు ప్లాస్టిక్ కాగితం పెట్టి కుట్టి, కొన్ని పంపించాను. వదిన వేసుకుని రెండు మాటలనేలోపు ఊపిరికి ఆవిరి పట్టి తెల్లగా అయిపోయేది. తుడుచుకోవాలి, రెండు మాటలనాలి, మళ్ళీ తుడుచుకోవాలి. సబ్బు రాస్తే ఆవిరి పట్టదని ఎవరో చెప్పారు, రాసి చూశారు, లాభం లేకపోయింది. ఆఖరికి ఇంట్లో వాళ్ళు మాస్కులు లేకుండా ఉంటారు, బయటివాళ్ళెవరినీ లోపలికి రానివ్వరు అని ఒక ఏర్పాటుకొచ్చారు. ఆ ఇంటి గోడల మధ్య మాత్రం అన్నయ్యకి మాటలు మిగిలాయి.

మరుసటి ఏడు మళ్ళీ కాయ దిగేటప్పటికి కరోనా రెండోసారి వచ్చింది. అప్పటికి అన్నయ్య ఒక టీకా వేయించుకున్నాడు, పట్నంలో అందరికంటే ముందు వరసలో నిలబడి. రెండోదానికి వెళ్తే గడువు పెంచారు, ఇప్పుడు కాదు అని తిప్పి పంపారు. గోడ మీద కాగితం చదువుకుని, సరేనని వచ్చేశాడు. ఆ గడువు రాకముందే రవి భార్యకి జ్వరమొచ్చింది. ఇంట్లో అందరూ మాస్కులు పెట్టుకోవాల్సి వచ్చింది. చంటిపిల్లకి తప్ప. అన్నయ్య ఆ రోజులన్నీ మనవరాలి ఎదురుగా కూర్చునే గడిపాడని వదిన చెప్పింది. ఇంట్లో మొహం ఉన్న మనిషి అదొక్కతే, దానికేమో మాటలు రావు. తర్వాత జ్వరం అన్నయ్యకొచ్చింది. ఊపిరందక రవి కారులో బెజవాడ తీసుకొచ్చాడు. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ, దారిలో ఆపినప్పుడల్లా కాగితాలు చూపించుకుంటూ వచ్చారు. ఆ హడావిడిలో అన్నయ్య ఫోను ఇంట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో రోగి తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. ముందురోజు దాకా ఒక మనిషిని ఉండనిచ్చేవాళ్ళట, ఆ రోజు నుంచే ఆపేశారు. బల్ల దగ్గరున్న ఆయనతో, "ఆయనకి వినపడదండీ. పెదవులు చూసి తెలుసుకుంటాడు. మీరంతా మాస్కుల్లో ఉన్నారు, ఒక్క మాట కూడా తెలియదండీ" అన్నాను. ఆయన చాలా అలిసిపోయి ఉన్నాడు. "రాసి చూపిస్తామండీ. మేం చూసుకుంటాం" అన్నాడు. తర్వాత వెనక క్యూ వైపు చూశాడు. ఆ క్యూలో ప్రతివాళ్ళకీ నాలాగే ఒక కారణముంది. నేను పక్కకి తప్పుకున్నాను.

వార్డు కింది అంతస్తులోనే ఉంది. బయట సైకిల్ స్టాండు వైపు కిటికీలు, అన్నీ మూసేశారు. పొద్దున్నే మా వారు నన్ను స్కూటరు మీద దింపేవారు. కిటికీల దగ్గర అప్పటికే జనం. లోపలున్న తమవాళ్ళకి చేతులూపేవాళ్ళు, అద్దం మీద అరిచేవాళ్ళు. లోపలివాళ్ళు చెవి మీద చెయ్యి పెట్టి, వినపడటం లేదని తలాడించేవాళ్ళు. నేను అన్నయ్య మంచం దొరికేదాకా ఒక్కో కిటికీ చూసుకుంటూ వెళ్ళాను. మూడో రోజు కనపడ్డాడు, జ్వరం పట్టిన పిల్లాడిలా కప్పుకేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. అద్దం కొడితే వాడికేం తెలుస్తుంది. చెయ్యి ఊపుతూ నుంచున్నాను. పక్క మంచం ఆయన చూసి, వాడి భుజం తట్టి నన్ను చూపించాడు. నేను చుట్టూ చూసి, అందరికీ దూరంగా జరిగి, మాస్కు తీసి, గొంతు పెట్టకుండా, "శివన్నయ్యా, నేను వచ్చాను" అన్నాను.

వాడు లేచి కూర్చున్నాడు. ఆ వార్డు మొత్తమ్మీద కిటికీ బయటి మాట అందినవాడు వాడొక్కడే.

ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి, వాడు మొదట అడిగింది, "నాకు ఏం చేస్తున్నారు?" అని. ఎవరెవరో వస్తున్నారు, సూదులు పొడుస్తున్నారు, ఏవో గొట్టాలు పెడుతున్నారు, ఎవరూ ఏదీ చెప్పడం లేదు. చెప్తున్నారేమో, వాడికి తెలియడం లేదు. రాసి చూపిద్దామన్నా అంతమంది రోగుల మధ్య రాసే తీరిక ఎవరికుంటుంది. "మాస్కు తియ్యకు, నేను కనుక్కుని చెప్తాను" అన్నాను. ఆ వార్డులో దీవెన అని ఒక నర్సమ్మాయి ఉండేది, చింతలపూడి వైపు పిల్ల. కిటికీ దగ్గర నన్ను చూసి, ఏంటీవిడ అద్దంతో మాట్లాడుతోంది అనుకుందట. తర్వాత విషయం తెలిసి నా నంబరు తీసుకుంది. అప్పటినుంచి లోపల ఏం చెయ్యబోతున్నా ముందు నాకు ఫోను చేసేది. "బోర్లా పడుకోమని చెప్పండి ఆంటీ." "రక్తం తీయాలండీ, భయపడొద్దనండి." నేను అద్దం దగ్గర నిలబడి అన్నయ్యకి చెప్పేదాన్ని. వాడు తలూపి, చెప్పినట్టు చేసేవాడు. కొన్ని రోజులు అలా జరిగాయి. వాడి మొహంలో బెదురు పోయింది. తోటలో కాయ దిగిందా అని అడిగాడు. దిగిందన్నాను. వదినకి జ్వరం లేదు కదా అన్నాడు. లేదన్నాను. "నువ్వు ఎండలో నిలబడకు" అన్నాడు.

తర్వాత ఒక పొద్దున వెళ్తే ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఊపిరి సరిపోక పై అంతస్తుకి మార్చారట. అక్కడికి ఏ కిటికీ లేదు. ఫోనులు కూడా లోపలికి రానివ్వడం లేదన్నారు. నేను కిందే సైకిల్ స్టాండులో కూర్చున్నాను. పైకి చూస్తే వరసగా మూసిన తలుపులు, ఏది వాడిదో తెలీదు. దీవెన డ్యూటీ కూడా పైకే మారింది, ఫోను ఎత్తడానికి వీల్లేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం రవికి కబురొచ్చింది.

చివరి చూపుకి ఎంతమంది రావచ్చో, ఎక్కడ ఆగాలో, ఎంత దూరంలో నుంచోవాలో అన్నిటికీ ఒక లెక్కుంది. రవి ఒక్కడే దగ్గరికి వెళ్ళాడు. వదిన నూజివీడులోనే ఉండిపోయింది. నేను దూరంగా నిలబడ్డాను. అన్నయ్య మొహం మాకెవరికీ చూపించలేదు. మా చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్కన ఒక మనిషి కూర్చునేది, తడిగుడ్డ మారుస్తూ. అలా కూర్చోవడం వల్ల జ్వరాలు ఒకళ్ళనుంచి ఒకళ్ళకి పాకిన సంగతీ నిజమే, మా వీధిలో పిల్లలు పోయిన సంగతీ నిజమే. అప్పుడే బాగుందని నేను అనలేను. బావుల్లో బ్లీచింగు పోసినవాళ్ళూ, సూదులు వేసినవాళ్ళూ లేకపోతే ఇది రాయడానికి నేనే ఉండేదాన్ని కాదేమో. ఇప్పటి కట్టుబాట్లు ఎంతోమందిని కాపాడే ఉంటాయి. కాని ఒక మనిషి తనకేం జరుగుతోందో చెప్పే ఒక్క మొహం లేకుండా పోయాడన్న బాధకి ఈ న్యాయాలేవీ మందు కాలేదు. చాలా నెలలపాటు నేను కళ్ళు మూసుకుంటే పై అంతస్తు కనపడేది. తెల్ల కిట్లూ, కళ్ళజోళ్ళూ, వాటి మధ్య వాడి చూపు ఒక్కొక్కరి మూతిగుడ్డ మీదా వెతుక్కుంటూ.

కర్ఫ్యూలు ఎత్తేసి, బడులు తెరిచాక, ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి మా ఇంటి తలుపు కొట్టింది. ఎవరో పోల్చుకోలేదు. గుండ్రటి మొహం, ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయేమో. "ఆంటీ, నేనండీ, దీవెనని" అన్నాక గొంతు తెలిసింది. నేను చూసింది దాని కళ్ళే, అవీ ప్లాస్టిక్ వెనకనుంచి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. తాగకుండా గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

"ఒక సంగతి చెప్పాలండీ. చెప్పాలో వద్దో తెలీక ఇన్నాళ్ళూ రాలేదు" అంది. "అంకుల్ పోయిన రోజు పొద్దున నేను పైన డ్యూటీలో ఉన్నాను. ఆయన గొట్టాలు పీకేసుకోబోతున్నారు. రాసి చూపించాను, చదువుకునే కళ్ళజోడు కిందనే ఎక్కడో పోయింది, కనపడలేదు. ఊరికే చుట్టూ చూస్తున్నారు. నాకు మీరు అద్దం దగ్గర మాట్లాడేది గుర్తొచ్చింది. చెయ్యకూడదండీ, మాకు చాలా గట్టిగా చెప్పారు. షీల్డు ఎత్తి, మాస్కు కిందికి లాగాను. 'మీ చెల్లెలుగారు కిందే ఉన్నారు' అన్నాను. అంతే. ఒక్క మాటే."

నేను దాని పెదవులకేసే చూస్తున్నాను.

"ఆయన పీకడం ఆపేశారండీ. నా మొహం చూశారు. ఏదో అన్నారు. ఊపిరి లేదు కదా, చప్పుడు రాలేదు. మళ్ళీ అన్నారు. నాకు అర్థం కాలేదండీ. దాహమేమో అని నీళ్ళు పట్టాను, వద్దన్నారు. ఇంతలో అటువైపు ఇంకొకరికి సీరియస్ అయిందని పిలిచారు, వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చేటప్పటికి..." గ్లాసు కింద పెట్టింది. "ఆఖరి మాటగా ఏదైనా అడిగారేమో, మీకు చెప్పమన్నారేమో. నేను తెలుసుకోలేకపోయానని రోజూ అనిపిస్తుందండీ."

"ఎలా అన్నాడో గుర్తుందా అమ్మా?"

"ఉందండీ. రెండుసార్లు అన్నారు కదా, కళ్ళముందే ఉంది. కాని చెప్పడం రాదు."

"చెప్పక్కర్లేదు. చప్పుడు లేకుండా అలాగే అను."

ఆ పిల్ల నా ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుని, కళ్ళు నా మొహమ్మీద నిలిపి, పెదవులు కదిపింది. మొదటిసారి నాకు అందలేదు, నా కళ్ళలో నీళ్ళున్నాయి. తుడుచుకుని, మళ్ళీ అనమన్నాను. పెదవులు రెండూ కలిసి, వెడల్పుగా తెరుచుకుని, ముందుకొచ్చి సన్నగా చుట్టుకున్నాయి. మళ్ళీ కలిసి విడిపోయి, చివర్లో గుండ్రంగా ఆగాయి. పెరట్లో ఆ చివరనుంచి వేలసార్లు చదివిన పెదవులు, ఇంకొకరి మొహంలో.

"నీళ్ళు కాదమ్మా" అన్నాను. "నాకు చెప్పమనీ కాదు. నీతోనే అన్నాడు."

"ఏమన్నారండీ?"

"మాస్కు పెట్టుకో అన్నాడు."

దీవెన చెయ్యి తన నోటి మీదికి వెళ్ళింది. కాసేపటికి, "తీసినందుకు కోప్పడ్డారా అండీ?" అంది, చిన్నపిల్లలా.

"ఆ మాట అనేటప్పుడు వాడి మొహం ఎలా ఉంది?"

ఆలోచించింది. "నవ్వుతున్నట్టున్నారండీ" అంది.

"అయితే కోపం కాదు" అన్నాను.